గడ్డిబండి క్లచ్ జారిన వారం

నా ఉద్యోగ జీవితంలో ఎంతమంది సేట్లకు వంగి నమస్కారం పెట్టానో నాకే గుర్తులేదు. నాకు వంగి నమస్కారం పెట్టింది మాత్రం గడ్డి ఒక్కటే. అదీ మనస్ఫూర్తిగా కాదు. బండి ముందుకు పోయిన కాసేపటికి మళ్ళీ లేచి నిలబడేది.

ఇప్పుడు ఏదో ఒక షెడ్డులోనో గ్యారేజీలోనో పానా పట్టుకుని పని నేర్చుకుంటున్న వాళ్ళు చదువుతారని ఈ సంగతి రాస్తున్నాను. ఇందులో గొప్ప విద్య ఏమీ లేదు. పనిలో తల పండిన ఇద్దరు కలిసి ఒక చిన్న రోగానికి ఎన్ని తప్పుడు మందులు వేయగలరో మాత్రం తెలుస్తుంది.

భివండిలో నా పని మొదట మగ్గాల మీద. కామత్‌ఘర్ సందుల్లోని పవర్‌లూమ్ షెడ్లలో నేను జాబర్‌ని, అంటే మొరాయించిన మగ్గాన్ని దారికి తెచ్చే మనిషిని. ఆ చప్పుడు చెవుల్లో ఎంతగా పేరుకుపోయిందంటే, ఇంట్లో వాళ్ళు మామూలుగా మాట్లాడుకుంటున్నా నాకు తెలియకుండా ఏదో గుసగుసలాడుకుంటున్నారనిపించేది. మా సేట్ కూడా మా కరీంనగర్ వైపు మనిషే. నూలు ధరలతో, కరెంటు బిల్లులతో విసిగిపోయి, ఒకరోజు మగ్గాలన్నీ తుక్కుకు అమ్మేసి, ఊరి చివర గోదాముల రోడ్డు మీద ఉన్న తన జాగాలో పెళ్ళిళ్ళ లాన్ పెట్టాడు. లాన్ అంటే తెలుసుగా, ఇక్కడ పెళ్ళిళ్ళు ఎక్కువగా అక్కడే. పెద్ద పచ్చిక మైదానం, ఒక కొసన స్టేజి, ఇంకో కొసన వంటలకు రేకుల పందిరి.

పాత షెడ్డులోంచి ముగ్గురిని వెంట తీసుకెళ్ళాడు. మిషన్ల పనికి నన్ను, లైట్లకు మా షెడ్డు వైర్‌మన్‌ను, గడ్డి చూసుకోవడానికి ఒకప్పుడు కండెలు చుట్టిన అక్కను. ఆమె నాకంటే పెద్దది. వైర్‌మన్ నాకంటే చిన్నవాడు, ఆదివారం చర్చిలో మైకు సెట్టు కూడా అతనే చూసుకునేవాడు. మగ్గాల చప్పుడులో అరిచి అరిచి ముగ్గురికీ గొంతులు పెద్దవైపోయాయి. లాన్‌లో మేం టీ కావాలని అడిగితే, కొట్లాట జరుగుతోందేమోనని రోడ్డు మీద వాళ్ళు ఆగి చూసేవారు.

అంత మైదానానికి కొడవలి చాలదని సేట్ పుణెలో ఒక డీలర్ దగ్గర పాత గడ్డిబండి కొన్నాడు. ఎర్రగా చిన్న ట్రాక్టర్‌లా ఉంటుంది. మనిషి పైన కూర్చుని నడుపుతుంటే కడుపు కింద బ్లేడ్లు తిరిగి గడ్డి కోస్తాయి. కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, మొదటి సవారీ సేటే చేశాడు. ఆపడం ఎలాగో చెప్పేలోపే వెళ్ళి స్వాగతం కమానుకు గుద్దాడు. ఆ తర్వాత దాన్ని అక్కకు అప్పగించాడు. ఆమెకు సైకిల్ కూడా రాదు. అయినా కొంగు నడుముకు చుట్టి ఎక్కి కూర్చుందంటే ఊరేగింపులో నాయకురాలిలా ఉండేది. దారిలో ఎవరు కనిపించినా చెయ్యి ఊపేది.

ఇక రోగం సంగతి. ఈ బండిలో ఇంజను ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, బ్లేడ్లు మాత్రం మనం అడిగినప్పుడే తిరగాలి. ఆ పని చేసేది ఇంజను కింద ఉండే క్లచ్. సీటు ముందున్న పసుపు మీట లాగితే బ్యాటరీ నుంచి కరెంటు వచ్చి క్లచ్ లోపలి చుట్ట అయస్కాంతమవుతుంది. అది ఎదురుగా ఉన్న ఇనుప పలకను లాగి పట్టుకుంటుంది. ఆ పట్టు మీద బెల్టు, బెల్టు మీద బ్లేడ్లు తిరుగుతాయి. పట్టు జారిందంటే పైన ఇంజను ఎంత రంకెలేసినా కింద బ్లేడ్లు నిద్రపోతాయి.

దీపావళి దాటాక కూడా ఆ ఏడు వానలు పోలేదు. గడ్డి మోకాళ్ళ దాకా వచ్చింది. ఒక పొద్దున అక్క బండి తిప్పింది. వెనకాలే సేట్ నడుస్తూ, పరుపు పరిచినట్టు పడుకున్న గడ్డిని చూసి మురిసిపోయాడు.

"అబ్బ, ఏం సాఫ్ కోసింది! గలీచా పరిచినట్టుంది."

టీ తాగి వచ్చేసరికి గలీచా లేచి నిలబడింది.

"సేటూ, కోసిన గడ్డి మళ్ళ లేస్తుంది సూడుండ్రి," అంది అక్క.

"కోసింది ఎట్ల లేస్తది? నీ దిమాగ్ ఖరాబైందా?"

"నా దిమాగ్ మంచిగనే ఉంది. మిషిన్ దిమాగ్ సూపియ్యుండ్రి ఎవలికన్న."

సూపించాల్సింది నాకే. నేను మగ్గాల మనిషిని. ఏదన్నా జారుతోందంటే నాకు మొదట కనబడేది బెల్టే. బిగించాను. అక్క మీట లాగగానే బెల్టు కీచుమంటూ ఎంత పెద్దగా ఏడ్చిందంటే రోడ్డు మీది కుక్కలు దానికి వంత పాడాయి. గడ్డి మాత్రం ఎప్పటిలాగే వంగింది, లేచింది.

తర్వాత పాత కాలపు చిట్కా గుర్తొచ్చింది. మగ్గం బెల్టు జారితే మేం గుగ్గిలం పొడి చల్లేవాళ్ళం. అదే దీనికీ చల్లాను, కాస్త ఉదారంగానే. బండి వేడెక్కగానే కింద నుంచి తెల్లటి పొగ, దాంతోపాటు గుప్పున సాంబ్రాణి వాసన. ఆఫీసు గదిలోంచి సేట్ చెప్పులు బయట వదిలేసి గబగబా వచ్చాడు.

"పొద్దుపొద్దున ఏం పూజ? నాకు చెప్పలే?"

"బెల్టు పూజ సేటూ."

ఆయన కళ్ళు మూసుకుని దండం పెట్టుకుని వెళ్ళిపోయాడు. నా పని ఎంతో శ్రద్ధగా సాగుతోందని ఆయన నమ్మకం.

అప్పుడు నేను వైర్‌మన్ వైపు తిరిగాను. షెడ్డు రోజుల నుంచీ మా ఇద్దరికీ ఇదే వరస. మగ్గం ఆగితే నేను కరెంటు తప్పనేవాణ్ణి, అతను ఇనుము తప్పనేవాడు. మేం తేల్చుకునేలోపు ఒక్కోసారి మగ్గం తనంతట తనే నడిచేది.

"తమ్మీ, ఇది కరెంటు రోగం. నాకు పక్కా అనిపిస్తుంది."

అతను మీటరు తెచ్చి బ్యాటరీకి రెండు కొసలూ పెట్టి నాకు చూపించాడు. "సూడు అన్నా, ఫుల్లుంది. నా కరెంటు మీద పడకు. నీ నట్లు బోల్టులు నువ్వు సూస్కో."

బ్యాటరీ దగ్గర ఫుల్లుగానే ఉంది. అది అక్కడి నుంచి క్లచ్ దాకా చేరుతోందా లేదా అని నేను అడగలేదు, అతను చూడలేదు. పనిలో ఉన్న పిల్లలు గుర్తుంచుకోవాల్సిన మాట ఏదన్నా ఉంటే ఇదొక్కటే. కరెంటు బయలుదేరిన చోటు కాదు, దిగాల్సిన చోట కొలవాలి.

ఇదంతా తీరిగ్గా నవ్వుకునే సంగతే అయ్యుండేది, ఆ వారాంతంలో మా లాన్‌లో జరగాల్సింది ఆ వైర్‌మన్ బిడ్డ పెళ్ళి విందు కాకపోతే.

పెద్దబిడ్డ. ఆసుపత్రిలో నర్సు. పెళ్ళికొడుకుది వసయ్ వైపు, అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబం. పొద్దున చర్చిలో పెళ్ళి, సాయంత్రం మా లాన్‌లో విందు. "నీ బిడ్డ నా బిడ్డ గాదా, లాన్ వాడుకో," అని సేట్ మాటిచ్చాడు. ఒక్క గదిలో సంసారం చేసిన మనిషికి అది చిన్న సంగతి కాదు. వైర్‌మన్ తన బస్తీలో అందరికీ తనే తిరిగి కార్డులు పంచాడు. వియ్యంకుడి ముందు తక్కువ కాకూడదని కార్డు కూడా అట్టముక్కంత మందంగా, బంగారు రంగులో కొట్టించాడు.

ఇంకో రెండు రోజులుందనగా వంటవాళ్ళ మేస్త్రీ పొయ్యిలు ఎక్కడ పెట్టాలో చూసుకుందామని వచ్చాడు. గడ్డిలో నాలుగడుగులు వేశాడో లేదో కాళ్ళ ముందు నుంచి ఒక పొడుగాటి జెర్రిపోతు జరజరా పోయింది. ఆ మనిషిది భారీ శరీరం. ఆయన స్టేజి మీదికి ఎలా ఎక్కాడో మాలో ఎవరం చూడలేదు, చూసేసరికి పైన ఉన్నాడు.

"అది ఏమనదన్నా. జెర్రిపోతు. ఎలుకల్ని తింటది," అన్నాను.

"అది ఏం తింటదో నాకెందుకు? గడ్డి కొయ్యకుంటే నేను పొయ్యి పెట్ట. నా మనుషులు రారు," అని ఆయన స్టేజి వెనక మెట్ల నుంచి దిగి వెళ్ళిపోయాడు.

కొడవళ్ళతో కోసేవాళ్ళను పిలిపిస్తే మైదానం చూసి వారం కావాలన్నారు. భుజాన వేసుకుని కోసే మిషన్లు సీజన్ కాబట్టి అన్నీ అద్దెకు పోయి ఉన్నాయి. మిగిలింది మా బండి. అంటే నేను.

విందుకు ముందురోజు పొద్దున వైర్‌మన్ వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పాయి.

"అన్నా, నీ కాల్మొక్త. కరెంటు అనుకో, ఇనుము అనుకో, ఏదన్న అనుకో. ఎట్లన్న చేసి దీన్ని నడిపియ్యి. పాము సంగతి వియ్యంకునోళ్ళకు తెలిసిందంటే నా ఇజ్జత్ పోతది."

అన్నేళ్ళలో అతను నాతో వాదించకుండా మాట్లాడింది అదే మొదలు. నాకు భయం వేసింది.

పుణె డీలర్ దగ్గరి మెకానిక్‌కు ఫోను చేశాను. కుర్రగొంతు. గుగ్గిలం సంగతి చెప్పగానే అవతల నుంచి చాలాసేపు నవ్వే వినిపించింది. ఫోను పక్కవాళ్ళకు కూడా ఇచ్చాడేమో, రకరకాల నవ్వులు విన్నాను. చివరికి చెప్పాడు. క్లచ్ విప్పి ఆ జిగురంతా తుడవాలి. అయస్కాంతానికీ పలకకూ మధ్య ఒక సన్నటి ఖాళీ ఉండాలి, అరిగే కొద్దీ అది పెరిగిపోతుంది, పెరిగితే అయస్కాంతానికి అందదు. చుట్టూ ఉన్న మూడు నట్లు తిప్పి ఆ ఖాళీ తగ్గించాలి. "ఎంత ఉండాలి?" అన్నాను. "చాచా, అసలు గేజు ఉంటే మంచిది. లేకపోతే ఒక విజిటింగ్ కార్డు దూరేంత. అంతే."

తాళం చెవి తీసి జేబులో వేసుకుని, ప్లగ్గు వైరు పీకేసి, బండి కిందికి దూరాను. క్లచ్ దించి నేను పూసిన గుగ్గిలాన్ని నేనే గంటసేపు తిట్టుకుంటూ గీకాను. మళ్ళీ బిగించాక కార్డు అడిగాను. వైర్‌మన్ ఆత్రంగా తన సంచిలోంచి బిడ్డ పెళ్ళికార్డు తీసి ఇచ్చాడు. దాన్ని మధ్యలో పెట్టి మూడు నట్లూ బిగించాను. అక్క ఎక్కింది, మీట లాగింది. గడ్డి వంగింది, లేచింది.

"నీ కార్డు మందం ఎక్కువైందే," అన్నాను.

"వియ్యాలోళ్ళకు పంచేది గట్ల పల్చగ కొట్టిస్తరా అన్నా?"

పల్చటి కార్డు ఎవరి దగ్గర ఉంటుందో నాకు తెలుసు. మా సేట్ పెళ్ళిలో అయినా చావులో అయినా తన విజిటింగ్ కార్డులు పంచే మనిషి. అడగ్గానే సంతోషంగా రెండు ఇచ్చాడు. కాసేపటికి గ్రీజు నల్లగా అంటిన తన పేరును చూసి, "ఎట్లుంది కార్డు? మంచిగుందా?" అన్నాడు.

"చాన బారీకుంది సేటూ. గిదే కావాలె."

ఆ మాట ఆయన మెప్పుగానే తీసుకున్నాడు.

ఈసారి అక్క మీట లాగగానే కింద టక్కుమని గట్టిగా పట్టిన చప్పుడు వచ్చింది. మగ్గాల మనిషికి ఆ చప్పుడు చాలు. పక్క గొట్టం నుంచి గడ్డి తుంపులు తుంపులుగా ఎగిరిపడింది. వైర్‌మన్ ఆకాశం వైపు చేతులెత్తి "స్తోత్రం ప్రభువా" అన్నాడు. నేను కూడా నా దేవుడికి మనసులో ఒక దండం పెట్టుకున్నాను, ఎవరి వాటా వాళ్ళకు పోనీ అని.

సగం మైదానం అయ్యింది. సరిగ్గా అప్పుడే గేటు ముందు ఆటో ఆగింది. భివండి రోడ్ స్టేషన్‌లో రైలు దిగి, చెప్పాపెట్టకుండా జాగా చూసిపోదామని వియ్యంకుడు వచ్చాడు. పొడుగాటి మనిషి, ఇస్త్రీ చొక్కా, తక్కువ మాటలు. రైల్వేలో పని చేసి రిటైరయ్యాడట.

"రాండ్రి బావగారూ, రాండ్రి! గడ్డి కోపిస్తున్న. సూడుండ్రి ఎట్ల కోస్తదో!" అన్నాడు వైర్‌మన్.

అందరం అటు చూశాం. అక్క చెయ్యి ఊపింది. బండి కింద గడ్డి వంగి నమస్కారం పెట్టింది.

వైర్‌మన్ ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయలేదు. వియ్యంకుణ్ణి భుజం పట్టి ఇటు తిప్పేశాడు. స్టేజి చూపించాడు. నీళ్ళ ట్యాంకు చూపించి అందులో ఎన్ని నీళ్ళు పడతాయో చెప్పాడు. తర్వాత బాత్రూముల దగ్గరికి తీసుకెళ్ళి ఒక్కో నల్లా తిప్పి మరీ చూపించాడు. పెళ్ళివారికి అంతసేపు బాత్రూములు చూపించిన వియ్యంకుణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

ఈలోగా అక్క బండి ఆపి దిగి వచ్చింది. "తమ్మీ, గా కాలు పెట్టే కాడ ఏమో సుర్రుమంటుంది. నా మడమ కాలుతుంది."

"ఎప్పటి సంది?"

"గీ వారం సంది. మిషిన్ అన్నంక వేడి ఉంటది గదా అని ఊకున్న."

తాళం చెవి మళ్ళీ జేబులో వేసుకుని ఆమె కాలు పెట్టే రేకు కింద చెయ్యి పెట్టి చూశాను. క్లచ్‌కు పోయే వైరు మీద నిమ్మకాయంత నల్లటి టేపు ఉండ. పట్టుకుంటే మెత్తగా, వేడిగా ఉంది. కంపెనీలో ఎవడూ అలాంటిది వేయడు. పైగా టేపు చివర తోకలా మెలి తిప్పి లోపలికి దోపి ఉంది. ఆ మెలిక నాకు తెలుసు. మగ్గాల మోటార్ల మీద ఎన్నేళ్ళుగానో చూస్తున్న మెలిక అది. మనిషి సంతకం లాంటిది.

వైర్‌మన్‌ను పిలిచాను. వియ్యంకుణ్ణి నల్లాల దగ్గర వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. చూశాడు. మొహంలో రంగు పోయింది.

"నెమలి," అన్నాడు మెల్లగా.

అప్పుడు నాకూ గుర్తొచ్చింది. కిందటి సీజన్లో సేట్‌కు ఒక ఆలోచన వచ్చింది. పెళ్ళికొడుకులు గుర్రం మీద వచ్చే కాలం పోయింది, మన లాన్‌లో గడ్డిబండి మీద రావాలి అని. బండి వెనక లైట్లతో మెరిసే పెద్ద నెమలి పింఛం కట్టించాడు. పెళ్ళికొడుకు కింద బ్లేడ్లు తిరగకూడదని వైర్‌మన్ క్లచ్ వైరు కోసి, అదే వైరు నెమలికి ఇచ్చాడు. పసుపు మీట లాగితే నెమలి వెలిగేది. సీజన్ అయ్యాక పింఛం గోదాములోకి పోయింది. వైరును మళ్ళీ మెలిపెట్టి, టేపు చుట్టి, మరిచిపోయాడు. ఆ మెలికలో సగం పోగులు తెగి ఉన్నాయి. కరెంటు అందులోంచి దయతలిచి నడుస్తోంది. వేడెక్కే కొద్దీ ఆ దయ కూడా తగ్గుతోంది.

సగం రోగం నాది, సగం అతనిది. వారమంతా ఎవరి సగం వాళ్ళం పట్టుకుని ఎదుటివాడి సగం మీద అరిచాం.

"అన్నా, వియ్యంకునికి చెప్పకు," అన్నాడు.

"ఏమని చెప్పాలె? మీ కోడలి నాయిన నెమలిని మేపి గడ్డిబండిని ఎండబెట్టిండనా?"

అతనికి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. తలెత్తేసరికి వియ్యంకుడు మా వెనకే నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడిచి, వంగి, ఆ ఉండను వేళ్ళతో తిప్పి చూశాడు.

"నేను రైల్వేల సిగ్నల్ వైర్లే సూసిన బావగారూ, నౌకరీ అంత. గీ జాయింటు ఎవడో గాడిద ఏసిండు."

"అవును బావగారూ," అన్నాడు వైర్‌మన్ తల వంచుకుని. "ఎవడో గాడిదే."

అక్క కొంగు నోట్లో కుక్కుకుని స్టేజి వెనక్కి వెళ్ళిపోయింది.

లైట్ల పెట్టెలోంచి సోల్డరింగ్ కడ్డీ వచ్చింది. కొత్త వైరు ముక్కను వియ్యంకుడు పట్టుకున్నాడు, వైర్‌మన్ అతికాడు. కడ్డీ కదలకుండా వియ్యంకుడు ఇంకో చెయ్యి అతని మణికట్టు కింద ఆనించాడు. సాయంత్రానికి మైదానం మొత్తం కోసేశాం. ఆ గడ్డి మళ్ళీ లేవలేదు. జెర్రిపోతు గోదాముల వైపు పోయిందని అక్క చెప్పింది, వంటవాళ్ళ మేస్త్రీ ఆమె చేత బిడ్డల మీద ఒట్టు పెట్టించుకుని పొయ్యి వెలిగించాడు.

మర్నాడు విందులో వియ్యంకుడు స్టేజి మీద లైట్ల తోరణాలు చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. ప్రతి జాయింటు దగ్గరా టేపుకు మెలి తిప్పిన తోక ఉంది. తర్వాత వైర్‌మన్ దగ్గరికి వచ్చి, మెల్లగా, "బావగారూ, గా గాడిద ఈడ గూడ పని చేసిపోయినట్టుంది," అన్నాడు. వైర్‌మన్ ఏం జవాబు చెప్పాడో బ్యాండు చప్పుడులో నాకు వినపడలేదు. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వడం మాత్రం కనబడింది.

భోజనాలయ్యాక ఒక తమాషా జరిగింది. బస్తీ నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే కుర్చీలు వదిలేసి గడ్డి మీద కూర్చున్నారు. కొందరు కాళ్ళు బారజాపుకున్నారు. వాళ్ళ గదుల్లో అలా కాళ్ళు జాపితే ఎదుటి గోడకు తగులుతాయి. సేట్ "అరే, గడ్డి నలుగుతది" అంటూ వచ్చి, పెళ్ళికూతురు కూడా చెప్పులు విప్పి వాళ్ళ మధ్యలో కూర్చోవడం చూసి, తనూ ధోవతి సర్దుకుని ఒక మూల చతికిలబడ్డాడు. ఎవరన్నా చెయ్యి అక్కడే కడగబోతే అక్క ఊరుకోలేదు. "నా గడ్డి మీద నీళ్ళు గుమ్మరిస్తే మంచిగుండదు చెప్తున్న!" అని మైదానమంతా తిరిగింది.

ఫోటో తీసేవాడు రెండు కుటుంబాలూ ఒకచోటికి రావాలన్నాడు. పెళ్ళికూతురి తండ్రి కనబడలేదు. వంటల దగ్గర వెతికారు, గేటు దగ్గర వెతికారు. చివరికి నేనే చూశాను. స్టేజి పక్కన, కొత్త కోటుతోనే, గడ్డి మీద వెల్లకిలా పడి నిద్రపోతున్నాడు. అతని భార్య లేపబోయింది.

"వద్దు చెల్లె," అన్నాడు వియ్యంకుడు. "పండనీ. మనమే ఆడికి పోదాం."

అందరూ వచ్చి అతని చుట్టూ గడ్డి మీద కూర్చున్నారు. పెళ్ళికూతురు తండ్రి తల పక్కన, పెళ్ళికొడుకు కాళ్ళ పక్కన. నన్నూ అక్కనూ కూడా లాగి కూర్చోబెట్టారు. ఆ ఫోటో ఇప్పటికీ వాళ్ళ గదిలో గోడకు ఉంది. అందులో అందరం కెమెరా వైపు చూసి నవ్వుతున్నాం. పెళ్ళికూతురి తండ్రి ఒక్కడే నోరు తెరిచి, రెండు పిడికిళ్ళలో గడ్డి పట్టుకుని, హాయిగా నిద్రపోతున్నాడు.